మోజెస్ పట్టు విడిచే మాట

రెయిన్స్‌విల్, అలబామా
మార్చి 1993

ఒరేయ్ డెల్,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల్లోనూ మోజెస్ గొడవే. తిన్నాడా, పడుకున్నాడా, చెవిలో మందు వేస్తున్నావా అని. చివర్లో మాత్రం "నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటాను" అని ఒక ముక్క పడేశావు. నేను కులాసాగా లేను. మోకాలు వాచింది. మిల్లులో పొద్దస్తమానం నిలబడి సాక్సులకి వేళ్ళ దగ్గర కుట్టు వెయ్యలేక స్టూలు అడిగితే మేస్త్రీ నవ్వాడు. తోడబుట్టినదాని కంటే కుక్క ఎక్కువైపోయిన మగాడివి ఈ కొండ మీద నువ్వొక్కడివే.

సరే, నీ ముద్దుల కొడుకు సంగతే చెబుతాను. నిన్ను తీసుకుపోయిన నాటి నుంచి వాడు నా ఇంటిని తింటున్నాడు. సోఫా చెయ్యి అయిపోయింది. బట్టలుతికే మిషను గొట్టం కొరికితే వంటిల్లు చెరువైంది. చచ్చిపోయిన అమ్మ జ్ఞాపకంగా దాచుకున్న చర్చి టోపీని, ఆ నీలం పువ్వులదాన్ని, నేను ఆదివారం ప్రార్థనకి వెళ్ళొచ్చేసరికి ముక్కలు చేసి ఆ ముక్కల మీదే పడుకున్నాడు. నమలడానికి ఏమీ దొరకనప్పుడు వరండాలో కూర్చుని రోడ్డు వైపు చూస్తాడు. పొద్దున్న నేను పనికి వెళ్ళేటప్పుడు ఎలా కూర్చున్నాడో సాయంత్రం వచ్చేసరికీ అలాగే ఉంటాడు.

పోయిన వారం గొలుసు తెంచుకుపోయి పక్కింటి ఓపల్ ఉయ్యాల దిండు చింపాడు. ఆవిడ కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసింది. కుక్కలు పట్టే ఆయన వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, ఇంకొక్క ఫిర్యాదొచ్చిందంటే బండెక్కించుకు పోక తప్పదు నాకు. కరిచే జాతని పేరుపడ్డ ఈ కుక్కని మా దగ్గర్నుంచి పెంచుకోడానికి ఎవరూ పట్టుకెళ్ళరు. ఆ తర్వాత ఏమవుద్దో నా నోటితో చెప్పించకు" అన్నాడు. మోజెస్ ఆయన బూటు వాసన చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

నాకు కుక్కలు చేతకావని నీకు తెలుసు. నేను పిల్లుల మనిషిని. ఏం చెయ్యాలో త్వరగా రాయి. ఆలస్యం చేశావంటే వాడు మిగలడు.

నెల్డా


ఆట్మోర్ జైలు
ఏప్రిల్ 1993

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు ప్రూయిట్ చదివాడు. ఇక్కడ ఉత్తరాలు విప్పి చూసే గార్డు ఆయన. కవరు నా చేతికిస్తూ, "టోపీ కూడా వదల్లేదన్నమాట" అన్నాడు. నా కుక్క కబురు నాకంటే ముందు ఇంకొకడికి తెలిస్తే నాకెలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా.

నీ మోకాలికి ఉప్పు కాపడం పెట్టు.

వాడు చెడ్డవాడు కాదు. దవడకి పని లేక అలా ఉన్నాడు. నేను ఉంటే సాయంత్రం పూట గోనెసంచితో లాగులాట ఆడేవాణ్ణి. నీ చేతులు ఆ లాగుడికి తట్టుకోలేవు కాబట్టి వాడికి స్ప్రింగు తాడు కట్టు. పాత గరాజ్ తలుపు స్ప్రింగు ఒకటి తెచ్చి నీ షెడ్డులో పెట్టాను. కడదామనుకుంటూ ఉండగానే, నా పెళ్ళాం టామీతో రెండు పాటలకి డాన్సు చేసినవాడి దవడ పగలగొట్టి ఇక్కడికి వచ్చి పడ్డాను.

షెడ్డు వెనక ఓక్ చెట్టుకి నా తొడంత లావు కొమ్మ ఉంది. దానికి గొలుసు చుట్టు. గొలుసుకి స్ప్రింగు, స్ప్రింగుకి తాడు. స్ప్రింగు లోపల్నుంచి ఇంకో గొలుసు వదులుగా పోనివ్వాలి, ఎప్పుడైనా స్ప్రింగు తెగితే వచ్చి వాడి మొహం మీద పడకుండా. తాడు మెలిపడకుండా మధ్యలో తిరిగే కొక్కెం వెయ్యి. చివర నీ పిడికిలి కంటే పెద్ద ముడి ఉండాలి. టైరు ముక్క కట్టొద్దు, దాని లోపల తీగలుంటాయి, నోరు కోసుకుపోతుంది.

కట్టగానే వాడిని తీసుకెళ్ళి దాని ముందు నిలబెట్టకు. ముందు నాలుగు రోజులు ఆ ముడితాడుని చేత్తో నేల మీద పాములా లాగుతూ తిప్పు. వెంటపడనియ్యి. పట్టుకోనియ్యి. వాడే గెలిచాడనిపించు. దానికోసం పిచ్చెత్తినట్టు చూడడం మొదలుపెట్టాకే కొమ్మకి కట్టు. ముడి వాడి ముక్కు ఎత్తులో ఉండాలి, నాలుగు కాళ్ళూ నేల మీదే ఉండాలి. రెండేళ్ళు నిండని కుక్కని గాల్లో వేలాడనిస్తే మెడా నడుమూ పోతాయి. తిన్న వెంటనే వద్దు, ఎండలో వద్దు. ముందు కాస్త నడిపించు, ఒళ్ళు వేడెక్కాలి. ఇంకా కావాలని వాడికి ఉండగానే ఆపెయ్యి. ఆపాక పెదవి ఎత్తి చిగుళ్ళు తెగాయేమో చూడు. అన్నిటికంటే ముఖ్యం, వాడిని తాడు దగ్గర ఒంటరిగా వదిలిపెట్టకు. ఒక్క క్షణం కూడా. ఈ మాట కింద రెండు గీతలు గీశాను చూడు.

ఒకటే ఇబ్బంది. వాడు పడితే వదలడు. ఈ జాతి కుక్కలు పెంచే మావాళ్ళలో కుక్క పట్టు వదలకపోవడమే గొప్ప కాబట్టి వదలడం ఎవరం నేర్పం, నేనూ పట్టుబట్టి నేర్పలేదు. సుత్తి పిడి చెక్కి చేసిన చీలిక ఒకటి షెడ్డు గోడకి వేలాడుతూ ఉంటుంది. వాడి నడుముకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడి, మెడపట్టీ పట్టుకుని, పక్కపళ్ళ వెనక సందులో అది దూర్చి మెల్లగా తిప్పు. నోరు తెరుస్తాడు.

ఇంత చేసినా వాడు నీకు పూర్తిగా లొంగుతాడని ఆశపెట్టుకోకు. వాడు నా మనిషి. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ముందే చెబుతున్నాను.

డెల్


రెయిన్స్‌విల్
మే 1993

డెల్,

చదవడం చదివాను గానీ చెప్పినట్టు చెయ్యలేదు. నాలుగు రోజులు తాడు పట్టుకుని పెరట్లో పరిగెత్తడానికి నాకు మోకాలు ఉండొద్దూ. తిన్నగా కొమ్మకి కట్టించి, వాడిని తీసుకెళ్ళి, ఆ ముడిని వాడి మూతికి తగిలించాను. స్ప్రింగు కిర్రుమంది. నీ వీరుడు తోక ముడిచి వరండా కిందికి దూరిపోయాడు. మొక్కజొన్న రొట్టె చూపించినా రాలేదు. ఆ మట్టిలో బోర్లా పడుకుని నేనే వాడిని బతిమాలాను. ఓపల్ కిటికీలోంచి అంతా చూసింది.

అప్పుడు బుద్ధి వచ్చి నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టాను. స్టూలు వేసుకుని కూర్చుని తాడు నేల మీద ఆడించాను. మొదటిరోజు చూసి ఊరుకున్నాడు. తర్వాత కాలు వేశాడు. ఆ తర్వాత నా చేతిలోంచి ఊడలాగి పెరడంతా ఊరేగించాడు. అప్పుడు కొమ్మకి కట్టాను, ముక్కు ఎత్తులోనే. కిర్రుమన్న చప్పుడుకి అలవాటు పడేదాకా స్ప్రింగుకి పాత సాక్సు తొడిగాను. సాక్సులకి నా దగ్గర కొదవేముంది.

పట్టాడు. లాగాడు. స్ప్రింగు వాడిని వెనక్కి లాగింది. ఎవరో తనతో ఆడుతున్నారనుకుని వాడి మొహం వెలిగిపోయింది. వాడు నా దగ్గరికి వచ్చాక తోక ఊపడం చూసింది అదే మొదటిసారి.

వదలడం దగ్గరే వచ్చింది చిక్కు. సాసేజ్ ముక్క మూతి పక్కన పెడితే కళ్ళు అటు తిప్పాడు గానీ దవడ కదపలేదు. నీ చీలిక వెతికి తెచ్చి, నువ్వు చెప్పినట్టు నిలబడి, మెల్లగా తిప్పాను. వదిలాడు, కానీ నన్ను చూసిన చూపులో ప్రేమ లేదు. కుక్కకి పట్టడం నేర్పి వదలడం నేర్పకపోవడం ఏం తెలివిరా. నీకూ అదే జబ్బు. టామీ వెళ్ళిపోతానని ఎన్నిసార్లు చెప్పింది?

కొమ్మకి గొలుసు చుట్టింది కోయ్. నీ పాత స్నేహితుడే. నిచ్చెన కూడా తనే తెచ్చుకున్నాడు.

నెల్డా


ఆట్మోర్
జూన్ 1993

అక్కా,

కోయ్ ఎందుకు వస్తున్నాడు? వాడికి వాడి కుక్కలు లేవా? నేను ఉన్నన్నాళ్ళూ నీ గుమ్మం తొక్కనివాడు నేను లోపలికి వెళ్ళగానే నిచ్చెనతో సహా వచ్చాడంటే నాకు నచ్చలేదు. వాడు నీకోసం వస్తే నీ ఇష్టం. నా కుక్క కోసం వస్తే మాత్రం ఇంకోసారి గేటు తియ్యకు. మోజెస్ పిల్లగా ఉన్నప్పుడు వాడు అడిగాడు, నేనివ్వలేదు. ఆ సంగతి వాడు మరిచిపోయి ఉండడు.

సాక్సు తొడిగావని చదివి ప్రూయిట్ భోజనాల దగ్గర అందరికీ చెప్పాడట. ఇప్పుడు నా వరసలో ఉన్నవాళ్ళంతా మోజెస్ ఎలా ఉన్నాడని నన్ను అడుగుతున్నారు. వాడి మొహం ఎలా వెలిగిందో వాళ్ళకి చెప్పమంటారు. నేనేం చెప్పను? నేను చూడలేదుగా. ఆ స్ప్రింగు నేను మోసుకొచ్చాను, ఆ తాడు ఎలా ముడెయ్యాలో నేను చెప్పాను, మొదటిసారి వాడు దాన్ని పట్టుకున్నప్పుడు పక్కన నిలబడింది నువ్వు. నీ మీద నాకు కోపం లేదు. చెప్పలేనంత కుళ్ళుగా మాత్రం ఉంది.

చీలిక మరీ లోపలికి దూర్చకు. మోకాలు ఎలా ఉంది?

డెల్


రెయిన్స్‌విల్
ఆగస్టు 1993

డెల్,

ఎండలు మండిపోతున్నాయి. అందుకని పొద్దున్నే, మిల్లుకి వెళ్ళకముందే వాడిని ఆడిస్తున్నాను. చర్చి దాకా నడిచి వెళ్ళి వస్తాం, తర్వాత తాడు, తర్వాత నీళ్ళు, తర్వాత నా పాదాల మీద తల పెట్టుకుని పడుకుంటాడు. సోఫాకి కొత్త గుడ్డ వేశాను. దాని జోలికి వెళ్ళడం లేదు. ఓపల్ మొన్న మాంసం ఎముక తెచ్చి కంచె మీదుగా ఇచ్చింది. కుక్కలు పట్టే ఆయన దారిన పోతూ బండి ఆపి చూసి, "వాడేనా వీడు?" అన్నాడు.

ఆదివారం కోయ్ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని కొమ్మ చుట్టూ తిరిగారు. "నెల్డా, ఆ ముడిని నా తలకంటే పైకి కట్టు. డెల్ కుక్క ఎంతసేపు వేలాడుద్దో చూద్దాం. ఆళ్ళ కుక్కకంటే మన కుక్క మొగోడని నేను మాటిచ్చేశా" అన్నాడు. "ముందు నువ్వు పళ్ళతో పట్టుకుని వేలాడు కోయ్. నీ తర్వాత వాడిని వేలాడదీస్తాను" అన్నాను. మిగతా ఇద్దరూ నవ్వారు, కోయ్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. కాబట్టి నీ గుండెమంట ఆ వైపు చల్లార్చుకో.

ఇంకో సంగతి. చీలికని గోడకి తగిలించేశాను. ఇప్పుడు వాడు మాటతో వదులుతున్నాడు. ఒక్క మాట. గట్టిగా కూడా కాదు, మామూలుగా అంటే చాలు, దవడ తెరిచి ముడి వదిలేస్తాడు. నువ్వు పిల్లప్పటి నుంచి పెంచి నేర్పలేనిది నా దగ్గర నేర్చుకున్నాడు.

రోడ్డు వైపు చూడడం కూడా మానేశాడు. వాడి సంగతి అడుగుతావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నెల్డా


ఆట్మోర్
సెప్టెంబరు 1993

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది.

ఏ మాట? చెప్పు. 'వదులు' అంటే వాడు వినడు, ఆ మాట నేను వెయ్యిసార్లు అని చూశాను. 'చాలు' కాదు, 'పడెయ్' కాదు, 'ఇటివ్వు' కాదు. ప్రూయిట్ 'ఆమెన్' అయ్యుంటుందని అంటాడు, నువ్వు చర్చికి వెళ్తావు కాబట్టి. కోయ్ గాడు నేర్పాడా? వాడే నేర్పి ఉంటే వాడి మాట నా కుక్క వింటోందన్నమాట. ఆ ఆలోచన వచ్చాక నా పళ్ళెం పక్కవాడి వైపు తోసేశాను.

నువ్వు కావాలనే రాశావు, రోడ్డు సంగతి. నిజమే అయినా రాయకుండా ఉండొచ్చు. టామీ కూడా ఇలాగే, ఉన్నదున్నట్టు చెబుతున్నానంటూనే అన్నీ చెప్పేది. నాకు కడుపు రగిలిపోతోంది. ఇందులో సిగ్గుపడేది ఏముంది, ఉన్నమాటే అంటున్నాను. ఇక్కడ నాది అనుకోవడానికి ఏమీ ఉండదు, పక్క దుప్పటి కూడా ఎవరిదో. నాది అనుకున్నది ఒక్క వాడే.

సరే. వాడు అంత బాగా నేర్చుకున్నాడంటే ఇంకో మెట్టు ఎక్కించొచ్చు. ఇక నువ్వు పక్కన నిలబడొద్దు. మనిషి దగ్గరుంటే ఈ జాతి కుక్క మనిషి మెప్పు కోసం ఆడుతుంది, తన బలం తాను తెలుసుకోదు. ముడిని రెండు మూడు అడుగులు పైకి కట్టు. వాడిని పట్టించి నువ్వు లోపలికి వెళ్ళి పని చూసుకో. తిరిగొచ్చేసరికి వాడే అలిసి దిగుతాడు. కోయ్ చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు. నా కుక్క గురించి నాకంటే ఎవరికి తెలుసు.

డెల్


రెయిన్స్‌విల్
సెప్టెంబరు 1993

డెల్,

నీ ఏప్రిల్ ఉత్తరాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అందులో ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దని రెండు గీతలు గీశావు. ఇందులో వేలాడదీసి లోపలికి పొమ్మంటున్నావు. ఈ నాలుగైదు నెలల్లో కుక్కల మెడలేమైనా మారాయా?

మారింది నువ్వు. వాడు నా పక్కన నిలబడి తోక ఊపుతున్నాడని నీకు తెలిసింది, అది ఓర్వలేకపోయావు. వాడు నా చేతిలో బాగుపడడం కంటే నా చేతిలో చెడిపోవడమే నీకు నయమనిపించింది. కాదని రాయకు, నేను నమ్మను. చర్చి సంతలో నా ఎర్రకోడికి బహుమతి రిబ్బను వచ్చిన రోజు గుర్తుందా? మర్నాటికి గూటి తలుపు తీసి ఉంది. నక్క ఎత్తుకుపోయింది. నీకప్పుడు తొమ్మిదేళ్ళు, నోట్లో వెన్న పెడితే కరగనట్టు కూర్చున్నావు. గొళ్ళెం తీసేంత తెలివైన నక్క ఈ కొండ మీద అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

నేను వాడిని వేలాడదీయలేదు. లోపలికి వెళ్ళలేదు. నీ ఉత్తరం చదివిన రోజు వాడిని అసలు తాడు దగ్గరికే తీసుకుపోలేదు.

మాట అడుగుతున్నావు. చెప్పను. కోయ్ నేర్పలేదు, 'ఆమెన్' కాదు. అది నాకూ వాడికీ మధ్య ఉన్న మాట.

నెల్డా


ఆట్మోర్
అక్టోబరు 1993

అక్కా,

ఆ ఉత్తరం పెట్టెలో వేసిన మర్నాడు ప్రూయిట్ దగ్గరికి వెళ్ళి వెనక్కిమ్మని బతిమాలాను. టపా సంచీ వెళ్ళిపోయిందన్నాడు. "చదివాను బాబూ. నాకెందుకో తేడాగానే అనిపించింది. కుక్క నీది, నీకు తెలుసులే అనుకున్నా" అన్నాడు. నీ జవాబు వచ్చేదాకా నాకు నిద్రలో కొమ్మ కనిపించేది. ఇంతకంటే రాయలేను.

నవంబరులో వదులుతున్నారు. జార్జియాలో ఎల్లిజే దగ్గర రంపపు మిల్లులో పని దొరికింది, మిల్లు వెనకే ట్రైలరు ఇస్తారట. వచ్చి మోజెస్‌ని తీసుకుపోతాను. ఇందులో మాత్రం నాతో వాదించకు. వాడు నీ దగ్గర బాగున్నాడు, ఒప్పుకుంటాను. కానీ వాడు నావాడు. ఆ మాటేమిటో అప్పుడైనా చెబుతావా?

డెల్


రెయిన్స్‌విల్
నవంబరు 1993

డెల్,

నేను మిల్లులో ఉండగా వచ్చావు. తాళం చెవి ఎక్కడ పెడతానో తెలుసు కాబట్టి లోపలికి వచ్చి, కాఫీ కాచుకు తాగి, కప్పు కడిగి బోర్లించి మరీ వెళ్ళావు. నా మొహం చూసే ధైర్యం లేనివాడికి కప్పు కడిగే మర్యాద ఎందుకో.

సాయంత్రం గేటు దగ్గరే పిలిచాను. అలవాటు. రాలేదు. తాడు కొమ్మకి అలాగే వేలాడుతోంది, వాడి నీళ్ళ గిన్నె సగం నిండుగా ఉంది.

ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే పెట్టేస్తాను. నిన్న రెండుసార్లు పెట్టేశాను కదా, అలాగే.

నెల్డా


ఎల్లిజే, జార్జియా
డిసెంబరు 1993

అక్కా,

ఫోన్ ఎత్తవు కాబట్టి రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో పెట్టేయలేవు.

నీకు సంతోషం కలిగే సంగతులే చెబుతాను. గేటు తీసినప్పుడు వాడు ఎగిరి మీద పడతాడనుకున్నాను. ఇన్నాళ్ళూ అక్కడ కళ్ళు మూసుకుంటే నాకు కనిపించింది అదే. వాడు లేచి నిలబడి, నా బూట్ల దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా పైదాకా వాసన చూశాడు. ఊరికి కొత్త పాస్టరు వస్తే చూసినట్టు చూశాడు. రమ్మంటే బండెక్కాడు గానీ దారి పొడుగునా వెనక అద్దంలోంచి మీ ఇంటి వైపే చూశాడు.

ఇక్కడ మిల్లు దూలానికి కొత్త తాడు కట్టాను. ముక్కు ఎత్తులోనే. పక్కనే నిలబడ్డాను. వాడు పట్టాడు, ఇక వదలడు. ఆడటం లేదు అక్కా. ఆడేటప్పుడు తోక ఆడుతుంది. ఇది వేరు, కళ్ళు మూసుకుని దవడ బిగించి నిలబడిపోతాడు. తెలిసిన మాటలన్నీ అన్నాను. మిల్లులో పనివాళ్ళు నిలబడి చూస్తూ ఉంటే 'ఆమెన్' కూడా అన్నాను. చీలిక పెడితే గుర్రుమన్నాడు, నా మీద, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. తల విదిలించుకుంటే పక్కపన్ను విరిగింది. నెత్తురు చూసి చీలిక అవతల పారేశాను.

తాడు తీసేశాను. తీసేస్తే ట్రైలరు తలుపు నమిలాడు, తర్వాత మిల్లు యజమాని బండి సీటు. ఆయన చెడ్డమనిషి కాదు. "డెల్, నువ్వు మంచి పనివాడివి. కుక్క మాత్రం ఈ నెలాఖరుకి ఇక్కడ ఉండకూడదు" అన్నాడు.

నువ్వు గెలిచావు. వాడు నీ కుక్క. ఈ ముక్క రాయడానికి నాకెంత కష్టమైందో దేవుడికి తెలుసు, ఇప్పటికీ నిన్ను తలుచుకుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టే ఉంటుంది. కానీ వాడి నోట్లో నెత్తురు చూశాను. ఆ మాటైనా చెప్పు, లేదా వచ్చి వాడిని తీసుకుపో. ఏదీ చెప్పకపోతే ఆదివారం నేనే తెచ్చి నీ గేటు లోపల వదిలి వెళ్ళిపోతాను. నీ మొహం చూడమని అడగను.

డెల్


రెయిన్స్‌విల్
డిసెంబరు 1993

డెల్,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఇది పోస్టులో వేసేసరికి గురువారం అవుతుంది. ఈ మధ్యలో నేనేం చేశానో చెబుతాను. వాడి గిన్నె కడిగాను. కొమ్మకి ఉన్న తాడు తీసి కొత్తది ముడేశాను. సోఫా మీద పాత దుప్పటి పరిచాను. నేను నోరు మూసుకుంటే చాలు, ఆదివారం వాడు నా ఇంటికి వచ్చేస్తాడు. నువ్వే తెచ్చి దింపుతానన్నావు. నన్ను ఎవరూ తప్పు పట్టరు కూడా. కూనిరాగం తీస్తూ దుప్పటి సర్దుతుంటే, గూటి తలుపు తెరిచే ఆ తొమ్మిదేళ్ళ పిల్లాడి మొహం నా మొహం మీదికి వచ్చినట్టు అనిపించింది. మన ఇంట్లో ఇది నీ ఒక్కడి జబ్బు కాదు.

వాడు రోడ్డు వైపు చూడడం మానేశాడని రాశాను. అబద్ధం. ఒక్కరోజు కూడా మానలేదు. సాయంత్రం నేను మిల్లు నుంచి వస్తుంటే మలుపులో నా బండి చప్పుడు విని లేచేవాడు, దిగింది నేనని చూసి తోక ఊపేవాడు, మర్యాద తప్పకుండా. తర్వాత మళ్ళీ రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. అంత తిండి పెట్టి, అంత నడిపించి, మట్టిలో బోర్లా పడి బతిమాలినా నాది రెండో స్థానమే. నీకెలా తెలియనివ్వను?

ఇక మాట సంగతి. జులైలో ఒకనాడు వాడు ముడి పట్టుకుని, నువ్వు రాసినట్టే, కళ్ళు మూసుకుని బిగిసిపోయాడు. చీలిక ఎక్కడో పెట్టి మరిచిపోయాను. నాకు తెలిసిన మాటలన్నీ అయిపోయాయి. అప్పుడు ఓపల్ కంచె దగ్గరికి వచ్చి, "అయితే డెల్ ఎప్పుడొస్తాడట?" అంది, నన్ను పలకరించడానికే. వాడు ఒక్కసారిగా నోరు తెరిచి ముడి వదిలేసి గేటు వైపు తిరిగాడు. చెవులు నిక్కబొడుచుకుని, తోక కదపకుండా, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

మర్నాడు నేను అని చూశాను. మళ్ళీ వదిలాడు. అప్పటినుంచి రోజూ అదే మాట. రోజూ వదిలేవాడు, రోజూ గేటు దాకా వెళ్ళి చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, తల వంచుకుని నా దగ్గరికి వచ్చేవాడు. నేను సాసేజ్ ముక్క ఇచ్చేదాన్ని. నేర్పానని నీకు రాశాను. నేను నేర్పింది ఏమీ లేదు. నీ పేరే వాడి చేత వదిలించింది. అది నువ్వు ఎప్పటికీ కనుక్కోలేవు, ఎవడూ తన కుక్క ముందు నిలబడి తన పేరు తాను చెప్పుకోడు కాబట్టి.

వాడు నిన్ను గుర్తుపట్టలేదనుకున్నావు. గడ్డం తీసేసి, ఒంట్లో సగమై వచ్చావని ఓపల్ చెప్పింది, జైలు సబ్బు వాసన కూడా వేసే ఉంటావు. వాడు ఎదురు చూస్తున్నది రంపపు పొట్టు వాసన వేసే గడ్డపువాడి కోసం. నీ బండిలో అద్దంలోంచి చూసింది నా కోసం కాదు. ఆ గడ్డపు డెల్ వచ్చేసరికి తాను గేటు దగ్గర ఉండనేమోనని వాడి బెంగ.

ముందు పన్ను చూపించు, పుండు మానేదాకా తాడు జోలికి పోకు. తర్వాత మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టు, నేల మీద లాగుతూ. వాడు పట్టి బిగిసిపోయినప్పుడు నువ్వు లాగకు. తాడు వదులు చేసి, వాడి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చో. మామూలు గొంతుతో నీ పేరు చెప్పు. వాడు రోడ్డు వైపు తిరగబోతాడు. తిరగనివ్వకు. మొహం రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ చెప్పు, ఆ పేరు గలవాడివి నువ్వేనని వాడికి తెలిసేదాకా.

తెలిశాక వాడేం చేస్తాడో నాకు తెలుసు. నాకు రాయకు. దాన్ని చదివేంత పెద్ద మనసు నాకింకా రాలేదు.

నెల్డా